నీలం గిన్నె, నా కడుపుమంట

ఆ రోజుల్లో ఆర్మూర్‌లో మగవాడికి కుళ్ళుకోవడానికి కారణాలకు కొదవ ఉండేది కాదు. పక్కవాడి పసుపుకు మంచి రేటు పలికిందని కుళ్ళుకోవచ్చు. తోటి గుమాస్తాను సేటు, పేరు పెట్టి కాకుండా ‘బేటా’ అని పిలిచాడని కుళ్ళుకోవచ్చు. దుబాయి నుంచి సెలవుకు వచ్చిన చిన్ననాటి స్నేహితుడు పూసుకున్న సెంటు వాసన చూసి కూడా కుళ్ళుకోవచ్చు. ఇవన్నీ పరువైన కుళ్ళులు, నలుగురిలో చెప్పుకున్నా ఎవరూ నవ్వరు. నేను మాత్రం పెళ్ళైన కొత్తలో, మీసాలు సరిగా మెలి తిరగని వయసులో, ఒక మట్టి గిన్నె మీద కుళ్ళుకున్నాను. అది అన్నం తినే గిన్నె కూడా కాదు. ఊలు ఉండ పెట్టుకునే గిన్నె.

అప్పట్లో నేను పసుపు కమీషన్ వ్యాపారం చేసే ఒక సేటు దగ్గర గుమాస్తాను. సీజన్ వచ్చిందంటే చొక్కా కాలరు, చెవుల మడతలు, ఫోను కవరు లోపల, అంతా పసుపే. (పెళ్ళిలో నలుగు పెట్టినప్పుడు, పెట్టక ముందుకూ పెట్టిన తర్వాతకూ నాలో తేడా తెలియలేదని మా అక్క ఇప్పటికీ అంటుంది.) మా ఆవిడ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీఎడ్ చదివింది. సాయంత్రాలు తోచక ఫోన్లో వీడియోలు చూసి ఊలుతో అల్లడం నేర్చుకుంది. కాపురానికి వచ్చిన రోజు ఆమె సూట్‌కేసు సర్దుతుంటే సాయం చేస్తున్నట్టు పక్కన కూర్చున్నాను. పట్టుచీరలను పాత బట్టల్లా పక్కకు నెట్టేసి, మధ్యలోంచి టవల్లో చుట్టిన వస్తువును రెండు చేతులతో పైకి తీసింది. ముదురు నీలం రంగు గిన్నె, నున్నగా మెరుస్తోంది. ఒక పక్క అంచు నుంచి సందు కోసి ఉంది, అది లోపలికి వచ్చి జిలేబీ చుట్టులా తిరిగి ఆగింది. మా అమ్మ అది చూసి నొచ్చుకుంది.

“అయ్యో బిడ్డా, గిది దార్లనే పగిలినట్టుంది. పులుసు పోస్తె ఆగదు.”

“పగల్లేదత్తమ్మా, గట్లనే ఉంటది. ఊలు ఉండ లోపట పెడితె ఆన్నే తిరుగుతది, దారం గీ సందులకెల్లి వస్తది. ఉండ కిందవడి ఇల్లంత దొర్లదు.”

“ఎవలిచ్చిన్రు?” అన్నాను నేను, మామూలుగా.

“మా బావ. పెండ్లికి ఇచ్చిండు” అంది ఆమె, నాకంటే మామూలుగా.

ఈ బావ గురించి కొంచెం చెప్పాలి. మా ఆవిడకు సొంత మేనమామ కొడుకు. హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీలో చదివాడు, భుజాల దాకా జుట్టు, మాట్లాడితే ఒక చేయి గాల్లో తిరుగుతూ ఉంటుంది. మా సంబంధం కుదరక ముందు పెద్దవాళ్ళ మధ్య ఆ పిల్లను ఈ పిల్లవాడికే ఇద్దామని ఒక మాట నడిచి ఆగిపోయింది. ఇంకో సంగతి కూడా ఉంది. వరసల లెక్కలో నా భార్యకు బావ అయినవాడు నాకు అన్న అవుతాడు. ఎవరి మీద కడుపు మండుతోందో ఆ మనిషినే ‘అన్నా, బాగున్నవా’ అని పలకరించాల్సిన ఖర్మ మన వరసలు తప్ప ఇంకెవరూ కల్పించలేరు. సరే, బొమ్మల కాలేజీలో చదివాడు కాబట్టి ఆ గిన్నె తనే చేసి ఉంటాడని నాకు నేనే తేల్చుకున్నాను. ఒకరోజు ఎవరూ లేనప్పుడు గిన్నె తిరగేసి చూశాను. అడుగున, కాలిన మట్టిలో, ఒక బొటనవేలి ముద్ర స్పష్టంగా ఉంది. నా బొటనవేలు దాని మీద పెట్టి చూసుకున్నాను. వాడిది పెద్దది.

ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. సాయంత్రం పసుపు మార్కెట్ యార్డు నుంచి ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ వరండాలో కూర్చుని, నెలలు నిండుతున్న మా అక్క కడుపులో బిడ్డ కోసం తెల్ల ఊలుతో టోపీ అల్లుతూ ఉండేది. పక్కింటి అత్త కూడా చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టుకుంటూ అక్కడే ఉండేది. (ఆమెను మేమంతా బీడీల అత్త అనేవాళ్ళం. రోజుకు ఎన్ని బీడీలు చుట్టేదో అన్ని కబుర్లు కూడా చుట్టేది.) నేను ఆ రోజు యార్డులో ఎవరి కుప్పకు ఎంత పాట పలికిందో చెబుతూ దగ్గరికి జరిగితే, “ఆగుండ్రి, కుట్లు లెక్కవెడుతున్న. ముందుగాల చేతులు కడుక్కోండ్రి, ఊలు పచ్చగైతది” అనేది. నేను వెళ్ళి ఎదురుగా వరండా గట్టు మీద కూర్చోవాలి. గిన్నె మాత్రం ఆమె మోకాలికి ఆనుకుని ఉండొచ్చు. దారం చిక్కుపడకుండా చూసుకోవడానికి మధ్య మధ్య ఎడమ చేయి దాని అంచు మీద వేసేది. ఆ చేయి చూసినప్పుడల్లా నాకు భగ్గుమనేది. ఆమె ఊలు నేను తెచ్చిన గిన్నెలో తిరగాలి, ఆ చేయి నేను తెచ్చిన అంచు మీద పడాలి. అంతకు మించి జీవితంలో నాకు వేరే కోరిక లేకుండా పోయింది.

మొదట స్టీలు డబ్బా తెచ్చాను. తేలిక డబ్బా, దారం లాగినప్పుడల్లా టకటకమని నేల మీద నాట్యం చేసింది, పక్క గదిలో పడుకున్న మా అమ్మ లేచి వచ్చి ఎవరో తలుపు కొడుతున్నారంది. తర్వాత అటక మీది పాత జాడీ దించి, కడిగి, ఎండలో పెట్టి ఇచ్చాను. బరువుగా ఉంది, కదలలేదు, లోపల నున్నగా కూడా ఉంది. గెలిచాననుకున్నాను. మర్నాడు మా ఆవిడ సగం అల్లిన టోపీ నా ముక్కు దగ్గర పెట్టింది.

“పుట్టవోయే బిడ్డ నెత్తికెల్లి మామిడికాయ తొక్కు వాసనొస్తె మీ అక్క నన్నేమంటది? చెప్పుండ్రి.”

నీలం గిన్నె మళ్ళీ మోకాలి పక్కకు చేరింది. నా మొహం మాడిపోయింది.

అప్పుడు ఆలూర్‌లో కుండలు చేసే ఒక పెద్దమ్మ గుర్తుకు వచ్చింది. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఐరేని కుండలు ఆమె దగ్గరి నుంచే వచ్చేవి, మా పెళ్ళికీ అక్కడి నుంచే తెచ్చారు. ఆదివారం పొద్దున సేటు రమ్మన్నాడని ఇంట్లో చెప్పి బండి మీద బయలుదేరాను. నాకు కావలసింది ఏమిటో నేల మీద పుల్లతో గీసి చూపించాను. ఆమె ఆ బొమ్మను అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూసింది.

“పగులు లేకుంట చేసుడే మా పని బిడ్డా. నువ్వు పగులు కావాలంటున్నవు. సరె, చేసిస్త తియ్యి, ఎంతసేపు.”

“నువ్వు చేసుడు గాదు పెద్దమ్మా. నేనే చెయ్యాలె.”

“నీకెందుకు గీ పని?”

“ఇంట్ల ఉన్న గిన్నె వేరేటోడు చేసిండు.”

పెద్దమ్మ నా మొహం చూసింది, నా పసుపు చెవులు చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. తర్వాత, “జర జల్ది కూసో. గని ఎవలన్న అడిగితె నా పేరు చెప్పకు, పగిల్నది ఇచ్చిందంటరు” అంది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఆలూర్‌లోనే. పసుపు బస్తాలు లెక్కబెట్టే చేతి మాట మట్టి వినదని అక్కడే తెలిసింది. నేను గిన్నె అనుకుని మొదలుపెడితే అది పళ్ళెం అయ్యేది, పళ్ళెం అని సరిపెట్టుకునేలోగా సారె మీద తిరుగుతూ తిరుగుతూ నా చొక్కా మీదికి వచ్చేది. ఒకటి నిలబడింది గానీ సందు కోస్తుంటే నా పట్టుదలకు అటు ఇటు రెండు ముక్కలైంది. ఒకటి బట్టీలోంచి బయటికి వచ్చేసరికి సందు అంత వెడల్పు నోరు తెరిచింది, ఊలు ఉండ ఏం ఖర్మ, కోడిపిల్ల కూడా దూరిపోతుంది. పెద్దమ్మ ప్రతిసారీ “మంచిగున్నది, చెట్టుకు పెట్టుకుందాం” అని తీసుకునేది. చివరికి ఒకటి బతికింది. ఎడమ పక్కకు వాలి ఉంది, అంచు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ, సందు మాత్రం జిలేబీలా తిరిగింది. గరుకు కాగితం పెట్టి దాన్ని ఒక పూట అంతా రుద్దాను. అడుగున నా బొటనవేలు గట్టిగా ఒత్తడం మరిచిపోలేదు. (కొంచెం జరిపి మరీ ఒత్తాను, పెద్దదిగా కనిపించాలని.)

ఆ గిన్నెను పాత పేపర్లో చుట్టుకుని, ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాను. వరండాలో మా ఆవిడ ఉంది, అల్లడం లేదు. సూదులు ఒక పక్కన పడి ఉన్నాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బీడీల అత్త తల వంచుకుని చాలా శ్రద్ధగా ఒకే బీడీని మళ్ళీ మళ్ళీ చుడుతోంది. మా అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది.

“ఆలూర్ల ఎవలున్నరు?” అంది మా ఆవిడ.

పేపరు పొట్లాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాను.

“ఆదివారం యార్డు బందుంటదని నాకు తెల్వదనుకున్నరా? ఈ అత్త చెల్లె ఆలూర్లనే ఉంటది, ఆమె సూసిందట. ఎప్పుడు సూసినా మీ బండి ఆన్నే ఉంటదట, నవ్వుకుంట బయటికొస్తరట. ఆమె పేరేంది?”

“పేరు తెల్వది. పెద్దమ్మ అంటరు. డెబ్బై ఏండ్లుంటయ్.”

ఇది నేను నిజాయితీగా ఇచ్చిన జవాబే గానీ, ఆ సమయానికి తగిన జవాబు కాదని అందరి మొహాలు చూశాక అర్థమైంది. ఇక లాభం లేదని పేపరు విప్పి గిన్నెను గట్టు మీద పెట్టాను. అది ఎడమకు వాలి నిలబడింది.

“గిది గూడ పగిల్నట్టుంది కదరా” అంది మా అమ్మ.

“ఊలు గిన్నె” అన్నాను. తర్వాత ఇన్నాళ్ళు కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. “నీ బావ చేసిందే గిన్నెనా? నేను చెయ్యలేనా? పొద్దుందాక గా గిన్నె మీద చెయ్యేసుకుని కూసుంటవు, నేను వస్తె చేతులు కడుక్కోమంటవు!”

మా ఆవిడ గిన్నెను చేతిలోకి తీసుకుని అటు ఇటు తిప్పి చూసింది.

“బావ చేసిండని ఎవలు చెప్పిన్రు మీకు?”

ఎవరూ చెప్పలేదు. ఆలోచిస్తే నిజంగానే ఎవరూ చెప్పలేదు.

“బావకు మట్టి ముట్టుకుంటె చేతుల నిండ దద్దుర్లు లేస్తయ్. ఆయన కంప్యూటర్ల బొమ్మలేస్తడు. పెండ్లికి ఏం కావాలె అని అడిగితె నేనే ఎగ్జిబిషన్‌కు తోల్కపోయిన. ఆడ ఉన్నయన్నీ ముట్టి సూసిన. ఒకటేమో తేలిక, దారం గుంజితె గిన్నె గూడ మీదికొస్తది. ఒకటి లోతు లేదు, ఉండ ఎగిరి దుంకుతది. ఒకదాని సందుల వేలు పెట్టి రాస్తె గరుకు తగిలింది, ఊలు పీకుతది. గీ నీలం దాంట్ల ఏ వంక లేదు, గందుకే తెచ్చుకున్న. బావ బయట నిలవడి ఫోన్ మాట్లాడుకుంట పైసలిచ్చిండు, గంతే.”

“మరి అడుగున వేలిముద్ర?”

“చేసినోళ్ళది. ఎవలదో నాకేమెరుక?”

ముక్కూ మొహం తెలియని ఎవరో మనిషి బొటనవేలి మీద నేను సీజన్ అంతా కుళ్ళిపోయాను. మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “మీరు గిన్నె మీద ఏడ్చిండ్రు, నేను గా పెద్దమ్మ మీద ఏడ్చిన. అన్నం గూడ తినబుద్ధి కాలె” అంది. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు, చెప్పుకోకూడదు గానీ, మస్తు సంతోషం కూడా వేసింది. నా కోసం కూడా ఒక మనిషి కడుపు మండించుకుందని అంతవరకు నాకు తెలియదు. అందరికంటే నిరాశపడింది బీడీల అత్త. ఆమె చేట తీసుకుని పెందలాడే ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా ఆవిడ ఊలు ఉండను నా గిన్నెలో పెట్టుకుని కూర్చుంది. ఎడమ చేయి నా వాలిన అంచు మీద పడింది. ఇంత కాలం కోరుకున్నది కళ్ళారా చూస్తున్నానని నేను ఎదురుగా గట్టు మీద కూర్చున్నాను. ఒక వరస అల్లింది. దారం సందులో తట్టుకుని, నూగు లేచింది. ఆమె నా వైపు చూడకుండా విడదీసింది. రెండో వరసకు మళ్ళీ తట్టుకుంది. మూడో వరస మధ్యలో ఆగి, ఉండ తీసి నీలం గిన్నెలో వేసుకుంది.

“మీ మీద ప్రేమ లేక గాదు. ఊలు ఖరాబైతున్నది” అంది.

అది జరిగి చాలా ఏళ్ళయింది. సేటు దగ్గర మానేసి సొంతంగా చిన్న దుకాణం పెట్టుకున్నాను, జుట్టు వెనక్కి జరిగింది. మా ఆవిడ ఇప్పుడు ఊలు టోపీలు, స్వెట్టర్లు అల్లి ఫోన్ ద్వారా అమ్ముతుంది, రకరకాల గిన్నెలు ఉన్నాయి, ఏ గిన్నె ఎవరిచ్చారో నేను అడగను. బావ వస్తే ‘అన్నా’ అని మనస్ఫూర్తిగానే పిలిచి చాయ్ ఇస్తాను. మొన్న ఒకరోజు ఆమె అల్లుతూ అల్లుతూ, “ఏమండి, ఢిల్లీకెల్లి ఒకాయన మెసేజ్ పెట్టిండు. నా చేతి పని అసొంటిది ఏడ సూడలేదట” అంది. నేను ఫోన్లో పసుపు రేట్లు చూసుకుంటూ, “మంచిగైంది, ఇంకో రెండు అమ్ము” అన్నాను. సూదులు ఆగాయి. తల ఎత్తితే ఆమె నా మొహంలో దేన్నో వెతుకుతోంది.

“ఇంతకు ముందైతె గట్ల అనకపోదురు” అని మళ్ళీ అల్లికలో పడింది.

ఆ మాట పట్టుకుని ఆ రోజంతా దుకాణంలో కూర్చున్నాను. ఇప్పుడు నాకు బావ మీద కుళ్ళు లేదు, ఢిల్లీ ఆయన మీద అసలే లేదు. కానీ ఒకడున్నాడు. చెవుల్లో పసుపు, గోళ్ళలో బురద, ఇంట్లో అబద్ధం చెప్పి ఈల వేసుకుంటూ ఆలూర్ రోడ్డు మీద బండి తోలుకుపోతుంటాడు. వాడి కోసం ఒక అమ్మాయి అన్నం మానేసి కళ్ళు ఎర్రగా చేసుకుని వరండాలో ఎదురుచూస్తూ కూర్చునేది. ఆ పిల్లవాణ్ణి తలుచుకుంటే మాత్రం ఈ వయసులో కూడా నాకు భగ్గుమంటుంది.