మధ్యగది బల్బు

మా రైల్వే క్వార్టరులో మధ్యగదికి కిటికీ లేదు. పట్టపగలైనా లైటు వేసుకోవలసిందే. ఆ గదిలోకి సీఎఫ్‌ఎల్ బల్బు తెచ్చింది మావయ్య, అమ్మ తమ్ముడు, కోర్బాలో కరెంటు ప్లాంటు ఉద్యోగి. "ఇంక ఏళ్లతరబడి దీని మాటే మరిచిపోవచ్చక్కా" అని తగిలించి వెళ్లాడు. నిజంగానే మరిచిపోయాం. మామూలు బల్బు అయితే వెలుగుతుంది, లేదా టప్పుమని పోతుంది. ఇది వెలుగుతూనే ఉంది కాబట్టి బాగానే ఉందనుకున్నాం. ఇది తొంభైల చివరి మాట.

రెండేళ్లు తిరిగేసరికి ఆ గొట్టాల మొదళ్లు నల్లబడ్డాయి. బిలాస్‌పూర్‌లో నల్లబడనిదేముంది? యార్డులో బొగ్గు వ్యాగన్లు నిలిచాయంటే ఆరేసిన బట్టలు, అప్పడాలు, గడప మీది ముగ్గు, అన్నిటికీ మసే. అమ్మ ప్రతి శుక్రవారం స్టూలెక్కి ఆ బల్బును గుడ్డతో తుడిచేది. నలుపు పోయేది కాదు. అమ్మ బొగ్గును, యార్డును, తనను ఈ ఊరికి ఇచ్చి పెళ్లి చేసిన తాతను కలిపి తిట్టేది. ఆ నలుపు అద్దానికి లోపలివైపు ఉందని మాకెవరికీ తట్టలేదు.

నాన్న గూడ్సు డ్రైవరు. అమ్మా నేనూ ఆయనకు ఇంజన్ తర్వాతే, ఆ సంగతి ఆయనా దాచలేదు, మేమూ సరిపెట్టుకున్నాం. ఆ ఏడు ఆయనకు కంటి పరీక్ష రావలసి ఉంది. తప్పితే ఇంజన్ మీంచి దించేస్తారు. అందుకని ఎవరి దగ్గరో అక్షరాల చార్టు ఒకటి ఒక్కరోజుకు అడిగి తెచ్చారు. కిందికి పోయేకొద్దీ చిన్నవయ్యే ఇంగ్లీషు అక్షరాలు. పాత క్యాలెండరు వెనకవైపు నేనే దాన్ని అచ్చుగుద్దినట్టు దించాను. ఎవరి కంటా పడకూడదని మధ్యగది గోడకు తగిలించాం. డ్యూటీ లేని సాయంత్రాలు వీధి తలుపు వేసేసి, నాన్న వంటింటి చివర నిలబడి చదివేవారు.

మొదట్లో ఆఖరి వరుసదాకా గడగడా చదివారు. కొన్ని నెలలకు ఆఖరి వరుసలో తడబడ్డారు. తర్వాత అది పూర్తిగా పోయింది. వానలు వెలిసేసరికి దాని పై వరుసా పోయింది.

"నీకు కనబడతన్నాదేటమ్మా?" అని ఒకసారి నన్నడిగారు. ఆయన పక్కన నిలబడి అన్నీ చదివేశాను. రాసినదాన్ని నేనే, కళ్లు మూసుకున్నా చెప్పగలను. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఇంక ఆయన చూపును సరిచూసేవాళ్లు ఇంట్లో ఎవరున్నారు?

రాజ్‌కిశోర్ నగర్ వైపు కళ్లడాక్టరు ఉన్నాడట, రైల్వేకి తెలీకుండా చూపించుకోండి అని అమ్మ పోరింది.

"అక్కడ ఇళ్లు కట్టుకున్నోళ్లందరూ మన రైల్వేవోళ్లే కదే. సాయంత్రానికి షెడ్డంతా తెలిసిపోద్ది" అన్నారు నాన్న.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆ గదిలో నాకూ పుస్తకం మసకగానే ఉండేది. ఇంట్లో చెప్పలేదు. చెబితే బల్బు మారుస్తారు, "వాళ్లింట్లో వెలుతురు బాగుంటుంది" అని పక్క క్వార్టరుకు పోయి టీవీ చూసే వంక నాకు పోతుంది. నా మసకా నాన్న మసకా ఒకటేనేమోనని ఆలోచించడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. నేను ఆలోచించదలచుకోలేదు, అంతే.

చలికాలంలో ఒక ఉదయం నాన్న సిగ్నల్ దగ్గర బండి ఆపేశారు. సిగ్నల్ పచ్చగానే ఉంది. తనకు పచ్చగానే కనబడిందట కూడా. "కనబడింది గానీ నా కళ్లని నమ్మలేకపోనానే" అని అమ్మతో అంటుంటే ఆ గొంతు విని నాకు భయమేసింది. వారం తిరక్కుండా, ఇంటి ఇబ్బందుల వల్ల బండి దిగి ఇంజన్ల షెడ్డులో పని ఇప్పించమని అర్జీ పెట్టారు. కళ్ల మాట అందులో రాయలేదు. అడిగి దిగే మనిషికి కంటి పరీక్ష ఎవరు పెడతారు? అర్జీ మంజూరైంది. ఆయన చోట ఇంకొకరు ఎక్కారు.

నెల తర్వాత మావయ్య వచ్చాడు. మధ్యగదిలో అడుగు పెడుతూనే ఆగిపోయాడు.

"ఏటి బావా, ఇంత చీకట్లో కూకున్నారు?"

"లైటు ఎలగతన్నాది కదరా" అన్నారు నాన్న.

మావయ్య బల్బు వంక చూసి నవ్వాడు. "అచ్ఛా, ఇదా! ఇది అయిపోయింది బావా. గొట్టం చివర తీగ ఉంటాది, దానికో పూత. ఏసినప్పుడల్లా ఆ పూత కొంచెం రాలి లోపల అద్దానికి అంటుకుంటాది, ఆ నలుపే ఇది. లోపలి తెల్లపొడీ పాతబడిపోద్ది. ఎలగడం ఎలుగుద్ది గానీ ఎలుతురు సగముండదు. రోజూ సూసేవోళ్లకి తెలీదు."

గది దాటినప్పుడల్లా పొదుపని స్విచ్చి ఆర్పే అమ్మ గోడకు ఆనుకుంది. మావయ్య సంచిలోంచి కొత్త బల్బు తీసి మార్చాడు. గది ఒక్కసారి తెల్లబడింది.

నాన్న లేచి వంటింటి చివరికి నడిచారు. అక్కణ్నుంచి ఆఖరి వరుస చదివారు. బట్టీ పట్టేశానేమోనని తనమీదే అనుమానం. నన్ను పిలిచి, వేరే కాగితం మీద అంతే చిన్నగా, నాకు తోచిన అక్షరాలు రాయమన్నారు. రాసి పట్టుకున్నాను. ఒక్కటీ తప్పలేదు.

అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. "రేపే ఆఫీసుకెళ్లి చెప్పండి. కళ్లు బాగున్నాయని చెప్పండి."

"ఏటని చెప్పనే? కళ్లు పోయాయని వాళ్లతో అన్లేదు కదా. మా ఇంట్లో బల్బు పాతబడిందని చెప్పనా?"

మావయ్య పాత బల్బును ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. నాన్న నావైపు తిరిగారు. ఆ ముఖంలో కోపం లేదు, ఉన్నా బాగుండేది.

"నువ్వు రోజూ ఇక్కడే చదివేదానివి కదమ్మా. ఎలుతురు తగ్గినట్టు నీకెప్పుడూ అనిపించలేదా?"

"లేదు నాన్నా" అన్నాను.