లోతు తప్పిన అక్షరం

మేస్త్రి ఎడమచేతిలో ఉలి, కుడిచేతిలో సుత్తి. నల్లరాతి పలక మీద సుద్దతో గీసుకున్న 'శ్రీ' వంపులోకి ఉలి దిగుతోంది. ఊళ్లో శిలాఫలకాలు చాలావరకు ఆయన చేతిమీదుగా వెళ్లినవే. ఈ పలక మాత్రం సొంత బావది, అక్క భర్తది.

బావ ఇసుకలో అచ్చులు కట్టి ఇనుము పోసేవాడు. చిన్న పోత కార్ఖానా పెట్టుకుని వర్తక పరిశ్రమల మండలిలో సభ్యుడయ్యాడు. దాన్ని ఊరంతా చాంబర్ అనే అంటుంది. సరుకు రైలు ఊళ్లోకి వచ్చినా, కార్ఖానాలకు కరెంటు లైను పడినా చాంబర్ తిరిగి తిరిగి తెచ్చుకున్నవే. పెద్ద ఫ్యాక్టరీలు వస్తున్నాయని సభ్యులంతా చంకలు గుద్దుకుంటుంటే బావ లేచి, "ఫ్యాక్టరీలు తెస్తారు సరే, పని తెలిసినవాళ్లని ఎక్కణ్ణుంచి తెస్తారు? అంగట్లో అమ్ముతున్నారా?" అని అడిగాడట. ఆ మాట పట్టుకునే చాంబర్ పని నేర్పే షెడ్డు కట్టించింది. దానికి ఇప్పుడు ఆయన పేరే పెడుతోంది.

బావ మాత్రం ఆస్పత్రిలో ఉన్నాడు. కార్ఖానా దుమ్ము ఊపిరితిత్తులని తినేసింది.

పలక పని చెప్పడానికి చాంబర్ కార్యదర్శి వచ్చినప్పుడు నేలచూపులు చూశాడు. "పేరు ముందు కాస్త జాగా వదలండి మేస్త్రీ. ప్రారంభం నాటికి ఏది అవసరమైతే అది చెక్కుదురుగాని."

మనిషి ఉంటే 'శ్రీ', పోతే 'కీ.శే.' ఆ రెండో మాట అనడానికి ఆయనకి నోరు రాలేదు.

ఇంటికొచ్చి చెప్తే అక్క గయ్యిమంది. "జాగా వదలడమంటే మనిషిని సగం సాగనంపడమే కదరా! శ్రీ చెక్కెయ్. రాతిమీద పడ్డాక ఎవడు తీస్తాడో చూస్తా."

మేస్త్రి లోపలి ఆశ కూడా అదే. అక్షరాలన్నీ ఒకే లోతున దింపడం ఆ పనిలో మొదటి పాఠం. ఆ ఒక్కచోట చెయ్యి మాట వినలేదు. పేరంతా చెక్కి, దుమ్ము ఊది చూస్తే, శ్రీ మిగతా అక్షరాలకి రెట్టింపు లోతు దిగి ఉంది.

పలకమీద కాగితం పరిచి, బొగ్గు రుద్ది, అచ్చు తీసుకుని ఆస్పత్రికి వెళ్లాడు. బావ దాన్ని కళ్లకి దగ్గరగా పట్టుకున్నాడు.

"ఇదేంట్రా, శ్రీ ఇంత బలిసింది? నా పేరేమో నాలాగే బక్కచిక్కింది."

"లోతు తప్పింది బావా."

"పోత పోసేవాడికి చెప్తున్నావా? ఆ షెడ్డుకి పని నేర్చుకోడానికి వస్తారు. గుమ్మంలోనే తప్పు పని చూపిస్తావా వాళ్లకి?"

"నువ్వు లేచి రా, దగ్గరుండి దిద్దించుకుందువుగాని."

"అదేం కుదర్దు బావమరిదీ. నీ తప్పు నువ్వే దిద్దుకో." నవ్వబోతే అది దగ్గుగా మారి, ఎంతకీ ఆగలేదు.

షెడ్డు ప్రారంభం కాకముందే బావ పోయాడు.

కార్యదర్శి మళ్లీ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "శ్రీని పూడ్చేసి పక్కన చెక్కడానికి వీలవుతుందా?"

"పూడ్చింది నాలుగు వానలకి బయటపడుతుందండీ. ముఖమంతా అరగదీసి మళ్లీ చెక్కాలి."

ఆయన వెళ్లాక అక్క పలక పక్కన కూలబడింది. "ఉండనీరా. ఆ ఒక్కచోటైనా ఉండనీ."

మేస్త్రి ఆమె పక్కనే చతికిలబడ్డాడు. "లేని మనిషిని ఉన్నాడని చెక్కితే, చదివినవాళ్లు ఆయనెక్కడని నిన్నే అడుగుతారక్కా. ఎంతమందికని చెప్పుకుంటావ్?"

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. లేచి చెంబుతో నీళ్లు తెచ్చి, పలకమీద తనే పోసింది.

సానరాయి తిరుగుతుంటే నల్లటి బురద కారింది. ముందు పేరు పోయింది. శ్రీ మాత్రం అలాగే నిలబడింది. అది పోవాలంటే రాయంతా ఆ లోతుకి దిగాలి. మేస్త్రి రెక్కలు పీకుతున్నా ఆపలేదు.

"ఇంకా కనిపిస్తోందా?" నీళ్లు పోస్తూ అడిగింది అక్క.

"కనిపిస్తోంది."

మరికాసేపటికి మళ్లీ అడిగింది. "ఇప్పుడో?"

మేస్త్రి తలెత్తకుండా బురద తుడిచాడు. రాయి నున్నగా ఉంది. అక్క చెంబు కింద పెట్టేసింది.

మళ్లీ సుద్దగీత గీసి, మొదట 'కీ.శే.' చెక్కాడు. ఆ తర్వాత పేరు. ఈసారి చెయ్యి ఎక్కడా బరువు పడనివ్వలేదు.

షెడ్డు గోడలో వదిలిన గూటికి పలక పలచనైంది. తాపీపనివాడు వెనకాల సిమెంటు దట్టించి, సరిచూసి నిలబెట్టాడు. కార్యదర్శి అక్షరాల మీద వేలు పోనిచ్చి, "ఎక్కడా ఎగుడుదిగుడు లేదు మేస్త్రీ," అన్నాడు.

మేస్త్రి తడిగుడ్డతో రాతిమీది సిమెంటు మరకలు తుడిచాడు. తుడిచే వంకతో పేరుమీద చెయ్యి కాసేపు ఉంచాడు.

"పలక ఇక మీదండీ," అని చెయ్యి తీసేశాడు.