గ్రాంటు ఫారంలో నా వృత్తి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ నా వందనాలు! పాస్టరు అయ్యగారు నాకు పది నిమిషాలిచ్చారు, కానీ ముందు బెంచీలో కూర్చున్న నా భార్య మార్తమ్మ, గొప్పలు మొదలైతే ఐదో నిమిషానికే దగ్గుతానని ఇంటి దగ్గరే హెచ్చరించి తీసుకొచ్చింది, కాబట్టి తిన్నగా నా చీకటి రోజుల్లోకే వెళ్ళిపోతాను.

ఈ చోట నిలబడి సాక్ష్యం చెప్పినవాళ్ళలో కొందరిని దేవుడు తాగుడు నుంచి విడిపించాడు, కొందరిని జబ్బుల నుంచి లేపాడు. నాకు తాగుడు లేదు, నేనున్న సౌదీలో అది దొరకదు కూడా, కాబట్టి అందులో నా గొప్పేమీ లేదు. నా రోగమల్లా గొప్పలు చెప్పుకోవడమే! నవ్వకండి, తాగినవాడికి తెల్లారితే దిగుతుంది, నాకు ఎనిమిదేళ్ళు దిగలేదు.

కువైట్ సరిహద్దును ఆనుకుని ఖఫ్జీ అని ఊరుంది, అక్కడ చమురు బావుల్లో పనిచేసేవాళ్ళ క్యాంపుకి పెద్ద మెస్సు, ఆ మెస్సులో నేను అంట్లు తోమేవాణ్ణి. మూడు పూటలా మూడు వందల మంది తిన్న పళ్ళేలు, మనిషి దిగి కూర్చునేంత గుండిగలు, అడుగంటిన బిర్యానీ, అదీ నా రాజ్యం. మొదటి ఉత్తరంలో మాత్రం స్టోరు రూము పక్కన పని అని రాశాను, అది అబద్ధం కాదు, స్టోరు రూము నిజంగానే పక్కన ఉంది. రెండో ఉత్తరానికి స్టోర్లోకి వెళ్ళిపోయాను, ఏడాది తిరక్కుండా స్టోర్ ఆఫీసర్నయ్యాను! క్యాంపు మేనేజరు కారు కడిగి ఆరబెట్టినప్పుడు దాని మీద చెయ్యి వేసి ఫోటో తీయించుకుని పంపాను. సెలవు మీద వచ్చినప్పుడు ఇదే గుడి వరండాలో నా ఇకామా కార్డు, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు, అందరికీ చూపించి, అరబ్బీ కాబట్టి కుడి నుంచి ఎడమకు వేలు పెట్టి మరీ 'చీఫ్ స్టోర్ ఆఫీసర్' అని చదివి వినిపించాను. అందులో రాసి ఉన్నది పాత్రలు కడిగే కూలీ అని! ఈ సంఘంలో ఒక్కరికి కూడా అరబ్బీ రాకపోవడం ఆనాడు దేవుడు నాకు చేసిన మేలనుకుని స్తోత్రం కూడా చెప్పుకున్నాను.

ఇంతలో కువైట్ యుద్ధం వచ్చింది, సహోదరులారా! ఫిరంగి గుళ్ళు ఖఫ్జీ దాకా వచ్చి పడుతుంటే, కంపెనీవాళ్ళు మమ్మల్ని బస్సుల్లో దమ్మాం పట్నానికి తరలిస్తుంటే, నేను భయంతో ఒక చిన్న అల్యూమినియం గుండిగ నెత్తి మీద బోర్లించుకుని బస్సెక్కాను, దమ్మాం వచ్చేదాకా తియ్యలేదు, పక్కసీటు పాకిస్తానీ వంటాయన "అరే భాయ్, ఇసే ఉతారో, మేరీ ఆంఖ్ ఫోడ్ దోగే" అని, అంటే దాన్ని తియ్యి, నా కన్ను పొడిచేస్తావని, ఎంత మొత్తుకున్నా నాకు గుండిగలో వినబడలేదు. ఇంటికి మాత్రం ఏమని రాశాను? 'బాంబుల వర్షంలో కంపెనీ ఆస్తిని నా తల అడ్డం పెట్టి కాపాడాను' అని! అప్పటి అయ్యగారు ఆ ఉత్తరం మీద ప్రసంగమే చేశారు, అమ్మలు కళ్ళు తుడుచుకున్నారట. గుండిగ మీద ప్రసంగం విన్న సంఘం ప్రపంచంలో ఇదొక్కటే అయ్యుంటుంది.

యుద్ధం అయిపోయింది, మేం ఖఫ్జీ తిరిగొచ్చాం, కానీ ఆగిపోయిన జీతాలు పూర్తిగా తిరిగి రాలేదు. సరిగ్గా ఆ ఏడే మా పెద్దమ్మాయి కరుణ ఇంటర్ పాసై, మిషను కాలేజీలో బీఎస్సీ సీటు తెచ్చుకుంది. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి అది! కాలేజీవాళ్ళకు ఒక మంచి పద్ధతుంది, బీద సంఘస్తుల పిల్లలకు సగం ఫీజు గ్రాంటుగా ఇచ్చేస్తారు, తిరిగి కట్టక్కర్లేదు, మిగతా సగానికి పిల్ల రోజుకు రెండు గంటలు కాలేజీలోనే పనిచెయ్యాలి, ఆ కూలి చేతికివ్వరు, ఫీజులో వేసుకుంటారు. మీకు తెలిసిందే, దరఖాస్తు ముందు మన గుడిలో పెళ్ళి ప్రకటనలాగే చదువుతారు, ఎవరికైనా అభ్యంతరముంటే లేచి చెప్పొచ్చు.

మార్తమ్మ దరఖాస్తు పెట్టింది. మొదటి ఆదివారం చదవగానే మా తోడల్లుడు జాకబు గారు లేచాడు. లేచి, "సౌదీలో ఆఫీసరు గారి కూతురికి బీదల గ్రాంటా? కారు ఫోటో మా ఇంట్లోనే ఉందండీ!" అన్నాడట. ఆయన తప్పేముంది, ఆ ఫోటో ఫ్రేము కట్టించుకోమని పంపింది నేనే! పెద్దలు దరఖాస్తు పక్కన పెట్టేసి, తండ్రి పనిచేసే చోటి నుంచి జీతం, వృత్తి రాసిన సర్టిఫికెట్ తెస్తేనే మళ్ళీ చదువుతామన్నారు. కాలేజీవాళ్ళు సీటు నెలాఖరు దాకా ఉంచుతామన్నారు.

ఈ సంగతులతో కరుణ రాసిన ఉత్తరం నాకు మెస్సులోనే అందింది, సింకు ముందు నిలబడే చదివాను. చివర్లో రాసింది, "నాన్నగారూ, నాకు ఇస్తామన్న పని హాస్టల్ వంటింట్లో అంట్లు తోమడం. నాకేమీ నామోషీ లేదు. ఆఫీసరు గారమ్మాయి అంట్లు తోముతోందంటే మీకు పరువు తక్కువనుకుంటే చెప్పండి, చదువు మానేస్తాను."

సహోదరులారా, నాకు ఒళ్ళు మండిపోయింది! నా కూతురు అంట్లు తోమడమేమిటి, మా వంశమేమిటి, ఇంత దిగజారిపోయామా అని పెద్దగా కేకలేశాను. ఆ దేశంలో మనకు గుడి లేదు, పైకి ప్రార్థన చేసుకునే వీలు లేదు, అందుకని నేను ఎప్పుడూ సింకు కుళాయి పెద్దగా తిప్పి, ఆ చప్పుడు చాటున ప్రార్థన చేసుకునేవాణ్ణి. అలాగే తిప్పి మొదలుపెట్టాను. "ప్రభువా, దయగల తండ్రీ, నా బిడ్డకు గ్రాంటు ఇప్పించు, కానీ బీదవాళ్ళమని ఎవరికీ తెలియనియ్యకు! పెద్దలు సర్టిఫికెట్ చదవకుండానే సంతకాలు పెట్టేటట్టు వాళ్ళ హృదయాలను ప్రేరేపించు! లేదా ఆ ఒక్క ఆదివారం జాకబుకు కొంచెం జ్వరం తగిలించు, చాలా కొంచెమే తండ్రీ! నా బిడ్డ అంట్లు తోమే అవమానం మాత్రం నాకు..." అని ఇంకా ఏదో అనబోయి కిందికి చూశాను.

నాకు ఏ స్వరమూ వినబడలేదు, ఏ దర్శనమూ కలగలేదు. మోచేతుల దాకా నురగ ఉంది, చేతిలో ఎవడో తిన్న పళ్ళెం ఉంది, ఇంకా నూట యాభై పళ్ళేలు నా కుడిపక్కన నా కోసం చూస్తున్నాయి, ఇదే పని చేసి ఎనిమిదేళ్ళుగా పిల్లలకు అన్నం పెట్టినవాణ్ణి, ఈ పనిని అవమానమని దేవుడితో మొరపెట్టుకుంటున్నాను! ముందు నవ్వొచ్చింది, తరువాత ఏడుపొచ్చింది, ఆ ఏడుపు ఆగలేదు. నా అబద్ధం నా బిడ్డ సీటు మీద కూర్చుందని, అది లేస్తే తప్ప పిల్ల కూర్చోలేదని ఆ సింకు ముందే నాకు తెలిసింది. "తండ్రీ, నా పరువు తీసుకో, పిల్లకు చదువియ్యి," అన్నాను. అంతకన్నా పొట్టి ప్రార్థన నా జన్మలో చెయ్యలేదు.

మర్నాడు కంపెనీ ఆఫీసుకు పోయాను. అక్కడ కాగితాలు రాసే గౌస్ భాయ్ హైదరాబాదాయన, నా గొప్పలన్నీ ఎరిగినవాడు. కలం పట్టుకుని, "సుందరరావు భాయ్, ఆఫీసర్ అని రాస్తే గ్రాంటు రాదు, ఉన్నది రాస్తే ఇజ్జత్ పోతది. ఏది రాయమంటవో జల్ది చెప్పు, కఫీల్ సేఠ్ సంతకం పెట్టి నమాజుకు పోతడు," అన్నాడు. ఉన్నదే రాయమన్నాను. ఆయన రాసి, ముద్ర కొట్టి, నా మొహం చూసి, "పర్వాలేదు లే భాయ్, నేను కూడా ఇంటికాడ మేనేజర్నే," అన్నాడు!

సెలవు మీద ఇటు వస్తున్న ఒకతని చేతికి ఆ కాగితమిచ్చి, దానితో పాటు సంఘానికి నా ఒప్పుకోలు కూడా నాలుగు పేజీలు రాసి పంపాను, కారు, ఇకామా, గుండిగ అన్నీ ఒక్కటి మిగలకుండా. నెలాఖరుకు ముందు ఆదివారం అయ్యగారు అది ఇక్కడే నిలబడి చదివారు. గుండిగ దగ్గరికి వచ్చేసరికి ఆయన చదవలేక కూర్చుంటే మిగతాది కోశాధికారి చదివాడట, సంఘమంతా నవ్వీ నవ్వీ ఆఖరి పాట శ్రుతిలో పాడలేకపోయిందట. అభ్యంతరముందా అని అడిగితే జాకబు గారు మళ్ళీ లేచాడు. ఆయన కండువా నలుపుకుంటూ, "నాకు అభ్యంతరం లేదండి. జెద్దాలో మా పెద్దాడు సూపర్‌వైజరు కాదండి, కార్లు కడుగుతున్నాడు. మా చిన్నమ్మాయికి కూడా ఒక ఫారం ఇప్పించండి," అన్నాడు! దేవునికే మహిమ కలుగును గాక!

మార్తమ్మ నాకు రాసిన ఉత్తరం రెండే ముక్కలు. "మీ ఉత్తరాలన్నీ సబ్బు మరకలతో వచ్చేవి. స్టోర్ ఆఫీసరుకి సబ్బు నురగతో పనేమిటని మొదటి ఏడే అనుకున్నాను, మీరే చెబుతారని ఆగాను." ఇదిగో దగ్గుతోంది, ముగిస్తున్నాను!

రెండేళ్ళకు నేను సెలవు మీద వచ్చినప్పుడు కాలేజీలో తల్లిదండ్రుల రోజు పెట్టారు. పిల్లలు ఒక్కొక్కరే లేచి మా నాన్న టీచరు, మా నాన్న కాంట్రాక్టరు అని చెబుతున్నారు, నేను వెనక గోడకు అతుక్కుని కూర్చుని, దేవుడు విడిపించిన మనిషినే అయినా, కరుణ వంతు రాకుండా కరెంటు పోతే బాగుండునని చిన్న ప్రార్థన చేసుకుంటున్నాను. కరెంటు పోలేదు. కరుణ లేచి నా వైపు చెయ్యి చూపించింది. "మా నాన్న సౌదీలో అంట్లు తోముతారండి. నేను ఇక్కడ తోముతాను. ఈ డిగ్రీ మేమిద్దరం కలిసి చదువుతున్నాం," అంది. ప్రిన్సిపాల్ అమ్మగారు లేచి నిలబడ్డారు, తరువాత హాలంతా లేచింది, నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను.

కరుణ ఇప్పుడు అదే కాలేజీలో లెక్చరరు. ఇందులో నాదేమీ లేదు, అబద్ధాలకోరును సింకు దగ్గరికి వెతుక్కుంటూ వచ్చి పట్టుకున్న నా దేవుడికే స్తోత్రాలు! ప్రియులారా, ఈ ఏటి గ్రాంటు ఫారాలు నిన్ననే వచ్చాయి, మీ పిల్లలకు అందాల్సిన చదువు అందులో ఉంది. ఆరాధన అయ్యాక నేను వెనక బెంచీలో కలం పెట్టుకుని కూర్చుంటాను. వృత్తి అన్న గడి దగ్గర ఎవరికైనా చెయ్యి ఆగిపోతే సిగ్గుపడకుండా నా పక్కన వచ్చి కూర్చోండి, ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకుని ఉన్నది ఉన్నట్టు రాద్దాం.