మా అన్న తాగి పడలేదు

ముత్తుకూరు దగ్గర మా ఊళ్ళో, పక్కింట్లో ప్రార్థన కూటం జరిగిన సాయంత్రం నా జబ్బు మొదటిసారి బయటపడింది. అందరితోపాటు మోకరించాను. ఆమెన్ చెప్పాక లేవబోతే తొడలు మాట వినలేదు. నేనలా ఉండిపోవడం చూసి, ప్రార్థన భారం కలిగిందనుకుని ఆడవాళ్ళంతా మళ్ళీ మోకరించి పాట ఎత్తుకున్నారు. లేవలేకపోతున్నానని చెప్పడానికి సిగ్గేసింది. చివరికి మా ఆయన వచ్చి చంకల కింద చేతులు పెట్టి లేపాడు. ఆ ఆదివారం పాస్టరుగారు నా భక్తిని అందరి ముందూ మెచ్చుకున్నారు. తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

నెల్లూరులో డాక్టరుగారు రక్తపరీక్షలో కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే ఎక్కువుందని, ఇది కండరాల వాపు, పాలిమయోసైటిస్ అని స్టెరాయిడ్స్ మొదలుపెట్టారు. ముఖం ఉబ్బింది, షుగర్ వచ్చింది, భుజాలు ఇంకా నీరసించాయి. మా రొయ్యల గుంటలో మేత తిన్నాయో లేదో చూసే ట్రే కూడా పైకి లాగలేకపోయాను. మా అన్నకీ ఇలాగే ఉందండీ అని వెళ్ళినప్పుడల్లా చెప్పాను. "మీ అన్న సంగతి వదిలెయ్యమ్మా, నీ సంగతి చెప్పు" అన్నారాయన.

మా అన్న సంగతే అసలు సంగతి. అన్న పోర్టులో లారీలకు టార్పాలిన్లు కట్టేవాడు. నడుస్తూ నడుస్తూ కూలబడేవాడు. తాగొచ్చాడని పనిలోంచి తీసేశారు. నోటి దగ్గర వాసన చూసినవాడు ఒక్కడూ లేడు. చివరికి వదిన కూడా నమ్మలేదు. "నేను తాగలేదు పాపా, కాళ్ళే నిలబళ్ళేదు" అని నాతో చెప్పుకుని ఏడ్చాడు.

నేను మంచం పట్టేదాకా వచ్చాక చెన్నై వెళ్ళాం. బయాప్సీ, జెనెటిక్ టెస్ట్ చేశారు. వీసీపీ అనే జీన్‌లో మార్పుంది, కానీ అది 'వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్' అని రిపోర్టు వచ్చింది. అంటే ఆ మార్పు జబ్బు తెచ్చేదో కాదో తెలీదు. నెల్లూరు డాక్టరుగారికి చూపిస్తే, ఇందులో ఏమీ తేలలేదు, స్టెరాయిడ్ ఆపొద్దు అన్నారు. తేలకపోతే తేల్చాలి కదా, మళ్ళీ అదే మాత్ర మింగమనడం ఏం న్యాయం?

చెన్నైలో న్యూరాలజీ మేడం మాత్రం అన్నని తీసుకురమ్మన్నారు. అలా అడిగిన మొదటి మనిషి ఆమే. అన్నలోనూ అదే మార్పు కనిపించింది. ఇద్దరి చర్మం నుంచి చిన్న ముక్కలు తీసి పరిశోధన ల్యాబుకి పంపారు. కణాల్లో పాడైన ప్రోటీన్లను లాగి పారేసే పనిలో ఈ జీన్‌ది పెద్ద పాత్రట. గుంట అడుగున మురికి తీయకపోతే రొయ్యలేమవుతాయో నాకెవరూ చెప్పక్కర్లేదు. మా కణాల్లో ఆ మురికి పేరుకుంది. మంచి కణాల్లో మా మార్పు ఒక్కటే పెట్టి చూస్తే వాటిలోనూ పేరుకుంది. మిగతా జీన్‌లను ఒక్కొక్కటిగా పనిచేయకుండా ఆపి, దేన్ని ఆపితే మురికి తగ్గుతుందో ఇంకా వెతుకుతున్నారు.

"ఇది స్టెరాయిడ్‌తో తగ్గేది కాదమ్మా. మీ ఇద్దరిదీ ఒకటే జబ్బు" అన్నారు మేడం.

జబ్బు తగ్గే మందుందా అని అన్న అడగలేదు. "ఈ మాట మా ఇంటామెకి ఫోన్‌లో చెప్తారా మేడం?" అన్నాడు. ఆమె చెప్పారు. అన్నకి ఫోనివ్వమని అడిగింది వదిన.

మేడం స్టెరాయిడ్ మెల్లమెల్లగా తగ్గించి ఆపించారు. ముఖం వాపు పోయింది, షుగర్ అదుపులోకొచ్చింది. అసలు జబ్బుకి మందింకా లేదు. ఫిజియోథెరపీ చేస్తున్నాం, గుండె, ఊపిరి పరీక్షలు చేయించుకుంటున్నాం. తోటి రోగులకు నేను చెప్పేది ఒక్కటే. మీలాంటి బాధ ఇంట్లో ఇంకొకరికుంటే, చెప్పి ఊరుకోకండి. వాళ్ళని వెంటబెట్టుకెళ్ళి డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టండి.

మొన్న పోర్టు మేస్త్రి అన్నని చూడ్డానికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. "ఈ జబ్బని ఆ రోజే చెప్పినుంటే తీసేసేవాళ్ళమా అన్నా?" అన్నాడు. అన్న నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు.

"తాగలేదని రోజూ చెప్పినాడు. మీరే నమ్మలేదు."

వదిన టీ పెట్టబోయింది. మేస్త్రికి వద్దన్నాను.