ఆఖరి మెట్టు కుళాయి

1998 జూన్‌లో నన్ను విజయవాడ వన్ టౌన్ సెక్షన్‌కు హెడ్ ఫిట్టరుగా వేశారు. నీళ్ళ శాఖ సంగతి తెలియనివాళ్ళ కోసం ముందు వరస చెబుతాను. అందరికన్నా కింద లస్కరు, గొయ్యి తవ్వేది అతను. అతని పైన ఫిట్టరు, ఆపైన హెడ్ ఫిట్టరు, వర్క్ ఇన్‌స్పెక్టరు, ఏఈ, డీఈ. ఏఈ అంటే అసిస్టెంటు ఇంజనీరు, డీఈ అంటే ఆయన పైన డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. డీఈ గారిని నేను జీపులో చూడటమే కానీ నేల మీద చూసింది తక్కువ.

లస్కరుగా చేరి పద్దెనిమిదేళ్ళు వేలిముద్రే వేశాను. ఫిట్టరు కావాలంటే వాల్వు రిజిస్టరు రాయాలి. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాం, ఎన్నింటికి విప్పాం, ఎన్నింటికి కట్టాం, అన్నీ అందులో ఎక్కించాలి. అందుకని నలభై ఒకటో ఏట అక్షరాలు పట్టాను. నేర్పింది మా పంపు ఆపరేటరు. బడి లేదు, పలక లేదు, పంపు హౌసు గచ్చు మీద సుద్దముక్కతో నేర్పాడు. 'ళ' కుదరటానికి నాకు ఒక వేసవికాలం పట్టింది. నీళ్ళలోనూ కుళాయిలోనూ అదే ఉందాయె, తప్పించుకునే దారి లేదు. ఇప్పుడిది రాస్తున్నదీ నేనే. తప్పులు మా మనవరాలు దిద్దింది. మాటలు మాత్రం మార్చనివ్వలేదు.

వన్ టౌన్ వెనక కొండ మీద ఇళ్ళు మెట్ల వెంట ఒకదాని నెత్తిన ఒకటి ఉంటాయి. బజారులో బస్తాలు మోసేవాళ్ళు, తోపుడుబండ్లవాళ్ళు, మిరపకాయలు ఏరే ఆడవాళ్ళు అక్కడే ఉండేవాళ్ళు. కింద పంపు నడిపితే గంటన్నర సేపు నీళ్ళు ఎక్కేవి. మెట్ల పక్కన అక్కడక్కడా ఆరు వీధి కుళాయిలు ఉండేవి. ఆరోది ఆఖరి మెట్టు దగ్గర. అక్కడ పైపు మూపులాగా లేచి, మళ్ళీ కొంచెం దిగి, పై వీధిలోకి పోతుంది. పై వీధిలో కాస్త కలిగినవాళ్ళు. వాళ్ళకు ఇంటి కుళాయిలు ఉన్నాయి, చార్జీలూ కట్టేవాళ్ళు.

ఆ కొండ మీద ఒక కట్టుబాటు ఉంది. బిందె లైనులో ఉంటే మనిషి ఉన్నట్టే. ఆ మనిషి పనికి పోయినా, ఆస్పత్రికి పోయినా, ఆ బిందెను ఇంకొకరు ముట్టరు. ముట్టితే మూడు తరాల పేర్లు మెట్ల మీద వినపడతాయి. ఇంకో అలవాటూ ఉంది. లైనులో మొదటి బిందె ఎవరిదైతే వాళ్ళు నీళ్ళ వేళకు ముందే వచ్చి కుళాయి తిప్పి వదిలేస్తారు. ముందు గాలి బుస్సుమని పోతుంది. ఆ బుస ఆగి, రెండుసార్లు దగ్గి, అప్పుడు నీళ్ళు పడతాయి. చూసేవాళ్ళకు అది తొందర. నా దృష్టిలో ఆ పైపు లైను మొత్తాన్ని నడిపిన పని అదే. నీళ్ళు లేనప్పుడు పైపు నిండా గాలే. ఎత్తయిన చోట దాన్ని బయటికి పోనివ్వకపోతే మూపు దగ్గర అడ్డం కూర్చుంటుంది. చిన్న పంపుకు దాన్ని నెట్టే బలం ఉండదు.

మరుసటి ఏడు అన్నీ కలిసి వచ్చాయి. ఇంటి పన్ను పెరిగింది, నీటి చార్జీ పెరిగింది. తారాపేటలో మేం అద్దెకున్న ఇంటి యజమాని, పన్ను తనకు పెరిగితే అద్దె మాకు పెంచాడు. రేషనులో కిరసనాయిలు తగ్గింది. మా ఆవిడ కట్టెల పొయ్యి మళ్ళీ బయటికి తీసింది. ఇవన్నీ చాలక, జనం ఇంటి కుళాయిలు తీసుకుని చార్జీలు కట్టాలంటే వీధి కుళాయిలు తీసెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. కొండ మీద ఆరూ మార్చి ఆఖరులోగా తీసెయ్యాలి, కింద రోడ్డు మీద ఒకటి ఉంచాలి.

ఇంటి కుళాయి తీసుకోవచ్చు కదా అంటారు. కుళాయి కావాలంటే ఇంటి పన్ను నంబరు ఉండాలి. నంబరు కావాలంటే వెనకటి ఏళ్ళ పన్ను కూడా కలిపి కట్టాలి. అదీ పెరిగిన లెక్కన. ఆపైన డిపాజిట్టు, పైపు ఖర్చు, మెట్లు పగలగొట్టినందుకు చార్జీ. బస్తాలు మోసేవాడి ఇంట్లో ఇది అయ్యే పని కాదు. ఉత్తర్వు రాసినవాళ్ళకూ అది తెలుసు.

ఆఖరి మెట్టు దగ్గర నాంచారమ్మ అని ఒకావిడ ఇడ్లీలు వేసి అమ్మేది. ఆమె భర్త బస్తా కింద పడి నడుం పోగొట్టుకున్నాడు, మంచం మీదే ఉండేవాడు. ఆ ఇంటికి అన్నం ఆ ఇడ్లీ పాత్రలోనుంచే రావాలి. పిండి రుబ్బే గ్రైండరు ఇంట్లో ఉందని వాళ్ళ తెల్లకార్డు తీసేసి గులాబీ కార్డు ఇచ్చారు. చౌక బియ్యం పోయాయి. ఇప్పుడు నీళ్ళు పోతే, కింద రోడ్డు నుంచి నూట నలభై మెట్లు బిందె మొయ్యాలి. రోజుకు పన్నెండు బిందెలు. మోస్తే ఇడ్లీ వేసే వేళ దాటిపోతుంది. వెయ్యకపోతే ఇల్లు గడవదు.

మా ఏఈ గారు చిన్నవాడు. ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. చెరుకు రైతు కొడుకు, చెడ్డవాడు కాదు. నెలాఖరుకు ఇన్ని కుళాయిలు తీశామని డీఈ గారికి లెక్క చెప్పాలి, అదీ ఆయన భయం. ఆఖరి కుళాయి తీస్తే గాలి పోయే దారి ఉండదని, పై వీధికి నీళ్ళు ఎక్కవని నేను చెప్పాను. ఆయన బీరువాలోనుంచి డ్రాయింగు తీసి బల్ల మీద పరిచాడు.

"ఇదిగో మస్తాన్, ఇక్కడ ఎయిర్ వాల్వు ఉంది కదయ్యా. గాలి సంగతి అది చూసుకుంటుంది."

"డ్రాయింగులో ఉంది సార్. కొండ మీద లేదు."

ఎయిర్ వాల్వు అంటే గాలిని వదిలి నీళ్ళను ఆపే పరికరం. అది నేను చేరకముందే పోయింది. దాని బొక్కకే ఎవరో పాత ఫిట్టరు కుళాయి బిగించాడు. డ్రాయింగు ఎవరూ దిద్దలేదు. ఆయన మళ్ళీ కాగితం కేసే చూశాడు. చెరుకు తోటకు కాలవ నీళ్ళు పెట్టి పెరిగిన మనిషి. కాలవలో నీళ్ళకు గాలి అడ్డం రాదు. ముందు ఆ ఆఖరిదే తియ్యమన్నాడు, పైనుంచి కిందికి రావాలట.

తీశాను. తెలిసే తీశాను. పెన్షనుకు తొమ్మిదేళ్ళు ఉంది, అందుకు తీశాను. దీనికి వేరే పేరు పెట్టను.

ఉదయం పది గంటలకు లస్కరును తీసుకుని మెట్లెక్కాను. నాంచారమ్మ ఇడ్లీ పాత్రలు తోముతూ ఉంది. పైపు రెంచి చూసి లేచింది.

"ఏంటండీ సాయిబుగారూ, మరమ్మతా?"

"కాదమ్మా, ఆర్డరు. తీసెయ్యమన్నారు."

"ఎవురన్నారు? ఆ అన్నోణ్ణి ఒక్క బిందె మోసుకుని ఇక్కడిదాకా రమ్మనండి. ఇడ్లీలు ఊరికే పెడతా."

లస్కరు నవ్వాడు. నేను నవ్వలేదు. కుళాయి విప్పి, ప్లగ్గు బిగించి, రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. ఆమె అడ్డం రాలేదు. పైపును చెయ్యి పెట్టి కూడా ముట్టలేదు. "సంతకం బాగా వచ్చిందాండీ?" అని మాత్రం అడిగింది. అక్కడ చదువుకున్నవాడిని నేనొక్కణ్ణే.

మర్నాడు పంపు వేశారు. నాంచారమ్మకు ఎలాగూ నీళ్ళు లేవు. పై వీధిలో చార్జీలు కట్టేవాళ్ళకూ రాలేదు. కుళాయి విప్పితే ఖాళీ. మూపు దగ్గర ప్లగ్గు మీద చెయ్యి పెడితే పైపు లోపల వణుకుతోంది. రెండో రోజూ అంతే. బియ్యం కొట్టు ఆయన ఒకడు చార్జీ రసీదు పట్టుకుని ఆఫీసుకు వచ్చి ఏఈ గారిని నిలదీశాడు. డబ్బు కట్టినందుకు ఇదా, కట్టనివాళ్ళతో సమానం చేశారా అని.

మూడో రోజు పొద్దున మేం వచ్చేసరికి ఆఫీసు గుమ్మం ముందు బిందెలు ఉన్నాయి. గేటు దగ్గర మొదలై, వరండా మీదుగా, ఏఈ గారి గది తలుపు దాకా ఒకటే లైను. ఇత్తడివి, స్టీలువి, ప్లాస్టిక్‌వి, పక్కన సొట్టపడ్డవి. ఒక్క మనిషీ లేడు. తరవాత వంతు తమ కుళాయిలదని తెలిసి, కొండ మీది ఆడవాళ్ళందరూ బిందెలు పెట్టి బజారు పనికి వెళ్ళిపోయారు. మొదటి బిందె తలుపుకు ఆనుకుని ఉంది, నాంచారమ్మది.

ఏఈ గారు అటెండరును పిలిచి తీసెయ్యమన్నాడు. మా అటెండరుదీ ఆ కొండే. చేతులు వెనక్కు పెట్టుకున్నాడు.

"సార్, ఇంకేదైనా చెప్పండి చేస్తా. లైనులో బిందె ముట్టుకుంటే నేను సాయంత్రం ఇంటికి పోలేను సార్. మా అమ్మే రానివ్వదు."

"ఇది ఆఫీసయ్యా!"

"ఆఫీసే సార్. బిందె మా అత్తది."

చివరికి ఏఈ గారే ప్యాంటు మడిచి, బిందెల మధ్య అడుగులు వేసుకుంటూ వెళ్ళి, తలుపు సగం తెరిచి, పక్కగా దూరాడు. సాయంత్రం దాకా అందరం అట్లాగే తిరిగాం. మధ్యాహ్నం డీఈ గారి దగ్గరనుంచి ఫోను వచ్చింది. పై వీధికి నీళ్ళు ఎందుకు పోలేదో రాతపూర్వకంగా కావాలన్నారు.

ఏఈ గారు నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు. నేను రాయాల్సింది తనే చెప్పాడు. కొండ మీది ఆడవాళ్ళు ప్లగ్గు ఊడదియ్యబోయి లైను దెబ్బతీశారని, ముందు నిలబడింది నాంచారమ్మ అని రాయాలి. అట్లా రాస్తే ప్రభుత్వ ఆస్తికి నష్టం కింద పోలీసు కేసు అవుతుంది. ఇడ్లీ పాత్ర దించి ఆమె స్టేషను చుట్టూ తిరగాలి. మంచం మీది మనిషికి అన్నం పెట్టేవాళ్ళు ఉండరు. తెల్ల కాగితం, పెన్ను నా ముందుకు తోశాడు. నాకు ఏమీ కాదని, ఆ పేరు ఒక్కటి రాస్తే చాలని బతిమాలినట్టే అన్నాడు.

పద్దెనిమిదేళ్ళు వేలిముద్ర వేసిన చెయ్యి ఇది. వేలిముద్ర వేసే రోజుల్లో పైన ఏం రాసి ఉందో నాకు తెలిసేది కాదు. తెలిసిన తరవాత కూడా అట్లాంటి దాని కింద సంతకం పెడితే, సుద్దముక్క పట్టినందుకు సిగ్గు.

తెల్ల కాగితం పక్కకు పెట్టి వాల్వు రిజిస్టరు తెచ్చాను. రిజిస్టరులో ప్రతి పేజీకీ నంబరు అచ్చు వేసి ఉంటుంది, చించితే తెలిసిపోతుంది. తెల్ల కాగితమైతే ఆయన జేబులోకి పోతుంది. అక్కడే కూర్చుని రాశాను. అయిదు వాక్యాలకు అరగంట పట్టింది.

"ఆఖరి మెట్టు కుళాయి ఆర్డరు ప్రకారం నేనే తీశాను. గాలి పోయే దారి మూసుకుపోయి పై వీధికి నీళ్ళు ఎక్కలేదు. ముందే చెప్పాను. ఆడవాళ్ళు పైపు ముట్టలేదు. మిగతా అయిదు కుళాయిలు నేను తియ్యను."

ఏఈ గారు చదివి, ఇది ఉత్తర్వు ధిక్కరణ అవుతుందని అన్నాడు. అవుతుంది సార్ అన్నాను. వర్క్ ఇన్‌స్పెక్టరు కూడా పక్కన సంతకం పెట్టాలి. రిజిస్టరు ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తిప్పుతూ నిలబడి, చివరకు 'చూశాను' అని రాసి సంతకం పెట్టాడు. ఆ మాత్రం కూడా ఆ రోజు తక్కువ కాదు.

రిజిస్టరు ఆ సాయంత్రమే డీఈ గారికి పంపారు. మర్నాడు ఆయన జీపు దిగి నూట నలభై మెట్లూ ఎక్కారు. ప్లగ్గు కాస్త వదులు చేసి చూపించాను. గాలి బుస్సుమని ఆయన చొక్కా మీదికే వచ్చింది. ఎయిర్ వాల్వు కొనాలంటే టెండరు కావాలి. పై వీధివాళ్ళు ఆగరు. కుళాయి మళ్ళీ పెట్టెయ్యమని నోటిమాటగా అన్నారు. తీసేటప్పుడు కాగితం ఉంది, పెట్టేటప్పుడూ కాగితం కావాలన్నాను. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశారు. సాయంత్రానికి కాగితం వచ్చింది. "ఎయిర్ వాల్వు వచ్చువరకు తాత్కాలికంగా" అని ఉంది.

మరుసటి పొద్దున కుళాయి బిగించాను. ఆఫీసులో బిందెలు ఎవరివి వాళ్ళు తీసుకుని, అదే వరసలో మెట్ల మీద పెట్టారు. ఏదైనా మంచి మాట అంటుందేమోనని నాంచారమ్మ కేసి చూశాను. అబద్ధం ఎందుకు, చూశాను.

"తీసినోరే పెట్టారు, దానికి దణ్ణవెందుకండీ? కాస్త జరగండి సాయిబుగారూ, బిందె పెట్టుకోవాల."

జరిగాను.

నాకు చార్జి మెమో వచ్చింది. ఒక ఇంక్రిమెంటు క్యుములేటివ్ ఎఫెక్టుతో ఆపారు. అంటే ఆ ఏడాదికి ఆపి వదిలెయ్యటం కాదు, సర్వీసు మొత్తానికీ, తరవాత పెన్షనుకూ ఆ కోత అంటుకుని ఉంటుంది. గుణదల వైపు బదిలీ చేశారు. నేను తియ్యనన్న అయిదింటిలో మూడు, వేరే సెక్షను ఫిట్టరు వచ్చి తీశాడు. ఇంటి పన్ను తగ్గలేదు, నీటి చార్జీ తగ్గలేదు, నాంచారమ్మకు తెల్లకార్డు తిరిగి రాలేదు. నిలిచింది ఆ ఒక్క కుళాయి, కింద ఇంకో రెండు. 2008లో నేను రిటైరయ్యే నాటికి ఎయిర్ వాల్వు ఇంకా రాలేదు. కుళాయి ఇంకా తాత్కాలికంగానే ఉంది.

ఈ సంగతి నాకు నేర్పింది ఇది. కోత పెట్టే కాగితం డ్రాయింగు చూసి తయారవుతుంది, కొండ చూసి కాదు. ఊరికే తాగుతున్నారని ఎవరి నీళ్ళు ఆపుతారో, డబ్బు కట్టేవాడి నీళ్ళను ఎక్కించేది కూడా వాళ్ళ చెయ్యే కావచ్చు. అది తెలిసినవాడు ముందు చెప్పాలి. వినకపోతే నంబరున్న పేజీలో రాయాలి. నేను కుళాయి తీసేశాక రాశాను, ఆ తప్పు నాది. రాసినదానికి ప్రతి నెలా పెన్షనులో కడుతూనే ఉన్నాను. ఇవాళ ఆ రిజిస్టరు తెచ్చి ముందు పెట్టినా ఆ అయిదు వాక్యాలే రాస్తాను. ఈసారి అరగంట పట్టదు.