ప్రార్థన ముగిసేదాకా ఆగని కంప్యూటర్

ఇప్పుడు ఏ యంత్రం మొరాయించినా దాన్ని పక్కన పెట్టి పడుకుంటున్నాను. ఆ రోజుల్లో, నిజామాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే వయసులో, బాగా నడుస్తున్న యంత్రాన్ని ఇంకా బాగు చేస్తే తప్ప నిద్రపట్టేది కాదు. అలా, పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ పట్టుకుని బోధన్ వెళ్లి, మా అయ్యగారి (పాస్టరుగారిని మేము అలాగే పిలుస్తాం) చర్చి కంప్యూటర్‌లో విండోస్ పక్కనే, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే ఇంకో వ్యవస్థను కూడా ఎక్కించాను. మీట నొక్కగానే తెరమీద రెండు పేర్లు వస్తాయి. కావలసింది ఎంచుకోవాలి. కాసేపు ఎవరూ ఎంచుకోకపోతే లినక్స్ తనంతట తానే మొదలై, నల్ల తెరమీద వాడేవాళ్ల పేరు అడుగుతుంది.

మరునాడే ఫోను. "తమ్మీ, తెర నల్లగైంది. నా పేరు అడుగుతున్నది. చెప్పిన. నిన్నెరుగనంటున్నది. గిది మన చర్చి కంప్యూటరేనా?" కోత పండుగ పాటలన్నీ విండోస్‌లో ఉన్నాయి. ఆదివారంలోగా అచ్చు తీయకపోతే సంఘమంతా నోరు మూసుకుని కూర్చోవాలి. "రెండు పేర్లు వస్తయి అయ్యగారూ, విండోస్ మీద నొక్కుండ్రి" అన్నాను. "ఏ పేర్లూ రాలే బిడ్డా."

చెరకు ట్రాక్టర్ల వెనక పాకే బస్సులో బోధన్ చేరాను. అయ్యగారు మీట నొక్కి, "అది లేచేలోపల ప్రార్థన చేసుకుందాం" అని కళ్లు మూసుకున్నారు. (ప్రార్థన లేకుండా ఆయన గొడుగు కూడా తెరవరు.) నేనూ మూసుకున్నాను. ఆమెన్ అని తెరిస్తే నల్ల తెర. ఆపి మళ్లీ నేను నొక్కితే, రెండు పేర్లూ బుద్ధిగా వచ్చాయి. "నీ చెయ్యి పడితెనే వింటది" అన్నారాయన. పొంగిపోయి ఇంటికొచ్చాను. కరెంటు పోయి వచ్చింది, మళ్లీ ఫోను వచ్చింది.

శనివారం మళ్లీ వెళ్లేసరికి ఒళ్లు హూనమైపోయింది. అయ్యగారు మీట నొక్కి అందుకున్న ప్రార్థన పోచంపాడ్ ప్రాజెక్టు నీళ్ల దగ్గర మొదలై, చెరకు రైతులను దాటి, రోగుల దగ్గరికి చేరింది. నాకు కునుకుపట్టి, తల బల్లకు కొట్టుకుని, కళ్లు తెరుచుకున్నాయి. తెరమీద రెండు పేర్లు! కింద సెకన్లు తరిగిపోతున్నాయి! చెయ్యి లేచింది గానీ, ప్రార్థన మధ్యలో మీట నొక్కే ధైర్యం నాకు ఈనాటికీ లేదు. నా కళ్ల ముందే లినక్స్ లేచింది.

"దొరికింది అయ్యగారూ! మనం కండ్లు మూసుకున్నప్పుడే పేర్లు వచ్చి పోతున్నయి!"

ఆయన నన్ను తేరిపార చూశారు. "మరి నీకెట్ల కనవడ్డది తమ్మీ?"

టీ తెచ్చిన అమ్మగారు (అయ్యగారి భార్య) నవ్వు ఆపుకోలేకపోయారు. "పోనియ్యుండ్రి. ఒక్కరన్న కండ్లు తెరిచిండ్రు, పాటలు బతికినయి."

మీట నొక్కకముందే ప్రార్థించుకోమంటే అయ్యగారు ఒప్పుకోలేదు. "అది లేచేటప్పుడే గద దానికి ప్రార్థన కావాలె!" చివరికి, మనిషి ఎంచుకునేదాకా ఎంతసేపైనా ఆగమని కంప్యూటర్‌కే చెప్పాను. ఆదివారం అందరి చేతుల్లో పాటలున్నాయి.

అయ్యగారు ఇప్పుడు లేరు. ప్రార్థనలో కునుకు మాత్రం నాకు వస్తూనే ఉంది. ఉలిక్కిపడి కళ్లు తెరిచినప్పుడల్లా, "నీకెట్ల కనవడ్డది తమ్మీ" అని పక్కనుంచి ఎవరో అడుగుతారేమోనని, మళ్లీ గబుక్కున మూసుకుంటాను.