ఆనపపాదు అల్లుకున్న వ్యాను

ఏటా తొలకరికి ముందు ఒక పూట మా వంటింట్లో ఆముదం, తేనెమైనం కలిసి కాగుతాయి. ఆ వాసన గుమ్మం దాటి మెట్ల మీదికి కూడా పాకుతుంది. పై అంతస్తు పిల్లలు ముక్కు మూసుకుని పరుగెడతారు. మా కోడలు కిటికీలన్నీ బార్లా తీసి, "ఏమిటత్తయ్యా ఈ వైద్యం!" అని విసుక్కుంటుంది. వైద్యమే మరి. గోరువెచ్చగా ఉండగానే పాత పంచెగుడ్డ ముంచి కిటికీ అంచులకూ, తలుపు సందులకూ పట్టిస్తాను. ఈ విశాఖపట్నం ఉప్పుగాలి చెక్కనూ తినేస్తుంది, ఇనుమునూ తినేస్తుంది. ఈ పట్టు వేస్తే వాన చుక్క లోపలికి రాదు, దుమ్ము రాదు. అందరికీ వెగటు పుట్టించే ఆ వాసన నాకు మాత్రం గుండెల నిండా గాలి పోసినట్టుంటుంది. చిన్నప్పుడు నాకు ఊపిరాడిన చోటు ఇదే వాసన వేసేది. అది ఇల్లని ఒకసారి, బండని ఒకసారి వంక పెట్టి మా పెద్దమనుషులు వెళ్ళగొట్టింది కూడా దాన్నే.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. ఉబ్బసం. మాది పోర్టు నుంచి ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న వైపు పోయే దారిలో కొత్తగా వెలిసిన చిన్న కాలనీ. రాత్రీ పగలూ లారీలు, వాటి వెనక ఎర్రటి దుమ్ము. నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో గుమాస్తాగా చేరారు. నాలుగడుగులు వేస్తే పిల్లికూతలు మొదలయ్యే పిల్లను బడికి పంపలేక అమ్మే ఇంట్లో అక్షరాలు దిద్దించింది, స్తోత్రాలు నేర్పింది, లెక్కలు చెప్పింది. ఆ తల్లికి నేనెంత ఋణపడ్డానో రోజూ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను. కానీ ఆ దీపం దగ్గరే ఇంకొకామెనూ తలుచుకుంటాను. పైడమ్మత్తని.

మా కాలనీ కంటే ముందే ఆ వ్యాను అక్కడుంది. ఇళ్ళకు ముగ్గు పోసినప్పుడు పార్కు కోసమని వదిలేసిన తుప్పల స్థలంలో ఒక మూల, లేత నీలం రంగుతో, చిన్న కిటికీలతో. ఊరూరా తిరిగి కళ్ళు పరీక్ష చేసే డాక్టర్ల కోసం ఒక ఆసుపత్రి వాళ్ళు చేయించిన వ్యాను అది. డాక్టర్లు అందులోనే పడుకునేవారట, అందులోనే వండుకునేవారట. దాని డ్రైవరు అప్పన్న మావయ్య. బండి పాతబడిందని ఆసుపత్రి వాళ్ళు వేలం వేస్తే, మావయ్యే పాడుకుని పైడమ్మత్తని అందులో కాపురానికి తెచ్చాడు. లోపల అటొక బల్ల, ఇటొక బల్ల. మధ్య పలక మడిచి బల్లలు రెండూ దగ్గరికి జరిపితే మంచం. మళ్ళీ విడదీసి పలక దించితే భోజనాల చోటు. మూల స్టవ్వు, పక్కన చేయి కడుక్కునే తొట్టి. కింద ఒక పెడలుంటుంది, కాలితో తొక్కితే కుళాయిలోంచి నీళ్ళొచ్చేవి. ఆ పెడలు తొక్కడానికి నేను రోజూ ఏదో వంకతో చేతులు మురికి చేసుకుని వెళ్ళేదాన్ని.

"ఇల్లు కట్టుకోకుండా బండిలో ఎందుకున్నారత్తా?" అని ఒకసారి అడిగాను.

పైడమ్మత్త బియ్యం ఏరుతూ నవ్వింది. "కట్టకేటి గుంటా! రెండిళ్ళు కట్టేం. ఒకటి మా ఊరితో పాటు ఫ్యాక్టరీకి పోనాది. డబ్బులిచ్చేరు, ఆటితో ఇంకోటి కట్టేం. అది రోడ్డుకి పోనాది. రెండూ నేలకి అతికించే కట్టేం, రెండూ నేలతోనే పోనాయి. ఈపాలి లెమ్మన్నారనుకో, నానెందుకు లేవాలి? ఇల్లే లేసి నడుస్తాది."

మా ఇంట్లో దుమ్ము పెరిగినప్పుడల్లా అమ్మ నన్ను ఆ వ్యానులోకి తోలేసేది. అక్కడ దుమ్ము లేదు. పూర్ణా మార్కెట్ నుంచి ఆముదం, మైనం తెచ్చి, కాచి, పైకప్పు అతుకులకూ, తలుపు రబ్బర్లకూ ప్రతి వానకీ ముందు అత్త తనే పట్టించేది. వారానికోసారి మంచినీళ్ళతో వ్యాను ఒళ్ళంతా కడిగేది. "సముద్రం గాలికి ఉప్పు పట్టేత్తాది. మనిసికి తానం, దీనికీ తానం," అనేది. తుప్పు చుక్క కనిపిస్తే చాలు, మావయ్య ఉప్పుకాగితంతో రుద్ది ఎర్రరంగు పూసేవాడు. ఆదివారం ఇంజను స్టార్టు చేసి కాసేపు ఉంచేవాడు. ఆ చప్పుడు వింటూ, "దగ్గుతున్నాది గానీ, గుండె గట్టిదే. నీలాగే," అని నన్ను ఏడిపించేవాడు.

ఆ ఇరుకులో వాళ్ళకొక అలవాటుండేది. లేచే ముందు లేస్తున్నానని చెప్పాలి. "లేత్తన్నాను" అని మావయ్య అంటే అత్త కాళ్ళు ముడుచుకునేది. "తిరుగుతున్నాను" అని అత్త అంటే మావయ్య వేడి గిన్నె వెనక్కి తీసుకునేవాడు. నేనూ నేర్చుకున్నాను. మా ఇంట్లో నాన్న చెప్పకుండా లేచేవారు, చెప్పకుండా వెళ్ళేవారు, ఆయన కాలు తగిలితే అమ్మే సర్దుకునేది. నా కదలికతో పక్కమనిషికి పని ఉంటుందని నేను తెలుసుకున్నది ఆ వ్యానులోనే.

అలా ఉండగా మావయ్య కళ్ళకు శుక్లాలొచ్చాయి. ముదిరితే గానీ ఆపరేషన్ చేయలేమన్నారు డాక్టర్లు. ఆ రోజుల్లో అంతే. బండి నడపడం మానేశాడు. బతుకుతెరువుకి అత్త అప్పడాలు ఒత్తి అమ్మేది. బండి కదలకపోయేసరికి దాని చుట్టూ సంసారం అల్లుకుంది. మెట్టు ఎత్తుగా ఉందని మావయ్య తడుముకుంటూ ఇటుకలతో రెండు మెట్లు కట్టాడు. ఎండకు ముందొక పందిరి లేచింది. చక్రం పక్కన అత్త ఆనపగింజ పెడితే, పాదు పందిరెక్కి, అక్కణ్ణించి వ్యాను పైకప్పంతా కమ్మేసింది. సాయంత్రానికి తెల్లటి పూలు. లోపల వేసవిలో కూడా చల్లదనం. నేలకు అతికించనని ఒట్టు పెట్టుకున్న మనిషి, తనకు తెలియకుండానే మూడో ఇంటినీ నేలకు అతికించేసుకుంది.

అప్పుడొచ్చింది కాలనీ సంఘం. దాని కార్యదర్శి పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఆయన. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి మాట. నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి పందిరి బయట నిలబడ్డారు. లోపల బల్ల మీద కూర్చున్న నాకు అంతా వినిపిస్తూనే ఉంది.

"చూడమ్మా, మాకు మీ మీద కక్షేమీ లేదు. కదిలేదైతే బండి, కదలనిదైతే ఆక్రమణ. ఇది కదిలి ఎన్నాళ్ళయింది? కాలనీకి ఒక అందం చందం ఉండాలి కదా."

"మీ కాలనీ రాకముందు నుంచీ ఉన్నాం బాబూ," అంది అత్త.

"అందుకే మర్యాదగా చెబుతున్నాం. అందరూ సంతకాలు పెట్టారు. శుక్రవారం పొద్దున లారీ వస్తుంది. తుక్కు కింద తీసుకుపోతారు."

తుక్కు అనేసరికి మావయ్య బల్ల మీంచి లేచాడు. జీవితంలో మొదటిసారి, చెప్పకుండా లేచాడు. "నా బండి కదల్దని ఎవులన్నారు?" అన్నాడు గుమ్మం పట్టుకుని, మాట వచ్చిన వైపు మొహం తిప్పి. "శుక్కురోరం మీరే సూద్దురు గాని!"

"కదిలితే బండేనని ఒప్పుకుంటాం," అన్నారు కార్యదర్శి గారు, నవ్వుతూ. ఆ నవ్వు నాకింకా గుర్తే.

ఆ రాత్రి అమ్మ నాన్నని అడిగింది. "మీరూ సంతకం పెట్టారా?"

"అందరూ పెట్టారు. నేనొక్కణ్ణీ కాదంటే ఏం బాగుంటుంది?"

"అప్పన్న మిమ్మల్ని బావా అని పిలుస్తాడండీ."

నాన్న పేపరు పేజీ తిప్పారు. మా నాన్న మంచివాడు. అప్పు చేసి మందులు కొని నన్ను బతికించుకున్నాడు. ఆయనకు నా కృతజ్ఞత ఎప్పుడూ ఉంటుంది. కానీ ఆ మంచితనం ఆ వారం మా వరండా దాటి రాలేదు. ఈ మాట రాయడానికి నాకు భయం లేదు.

పాదు అడ్డు తీస్తే గానీ బండి కదలదు. ఆ పాదు నిండా పిందెలు. ఇంకో రెండు వారాలాగితే కూరకొచ్చేవి. గురువారం పొద్దున అత్త స్నానం చేసి, పాదు మొదట్లో పసుపు నీళ్ళు పోసి, దణ్ణం పెట్టుకుని, కొడవలితో మొదలు కోసేసింది. ఏడవలేదు. పందిరి విప్పి, అందినన్ని తీగలు కిందికి లాగి, పిందెలు ఏరి, చేటలో పోసుకుని కాలనీలో ఇంటింటికీ పంచింది. "లేతవి, పులుసు పెట్టుకోండి," అని చెప్పి మరీ ఇచ్చింది. కార్యదర్శి గారింట్లో కూడా ఇచ్చింది.

అందరూ తీసుకున్నారు. తీసుకుని వండుకున్నారు! ఇన్నేళ్ళయినా ఈ ఒక్క సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. సంతకం పెట్టిన చేత్తోనే చేటలోంచి పిందె ఏరుకున్నారు. ఇంకాస్త పెద్దది లేదా అని అడిగినావిడ కూడా ఉంది. మా అమ్మ మాత్రం వండలేదు. దేవుడి దగ్గర పెట్టి, అలాగే వదిలేసింది.

శుక్రవారం తుక్కు లారీ వచ్చి నిలబడింది. జనమంతా వరండాల్లోంచి చూస్తున్నారు. మావయ్య ముందురోజంతా వేళ్ళతో తడిమి తడిమి ఇంజను బాగు చేశాడు. తెలిసిన లారీ డ్రైవరొకాయన బ్యాటరీ ఇచ్చి, చక్రాలకు గాలి కొట్టి, డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఇక ఉన్నది చూపు లేని డ్రైవరూ, బండి నడపడం తెలియని పైడమ్మత్తా. ఇటుక మెట్లు ఇంకా అడ్డంగానే ఉన్నాయి. అత్త గునపం తీసుకుంది. అప్పుడు మా అమ్మ కొంగు దోపుకుని వరండా దిగింది. నాన్న "ఏమే!" అన్నారు. అమ్మ వెనక్కి చూడలేదు. వెళ్ళి ఇటుకలు ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చింది. నేనూ వెళ్ళాను. దుమ్ముకి ఆయాసం వచ్చింది, అయినా ఆగలేదు.

మావయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు. బండి దగ్గింది, ఆగింది. మళ్ళీ దగ్గింది, ఆగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మూడోసారి బండి గుండె అందుకుంది. పైడమ్మత్త బండికి ఎదురుగా, కాస్త దూరంలో నిలబడి, వెనక్కి అడుగులేస్తూ కేకేసింది.

"రా! నా గొంతు కాడికి రా! మెల్లగ… ఎడం సెయ్యి వైపు కూసింత… ఆఁ, సాల్లే. గొయ్యున్నాది, గొయ్యి! ఇటు, ఇటు నాకాసి రా!"

మావయ్య ఆమె గొంతునే చూస్తూ నడిపాడు. అలా అనడం తప్ప నాకు వేరే మాట తెలియదు. తెగిన తీగలు పైకప్పు మీంచి తోకలా ఈడ్చుకొస్తుంటే, ఆ నీలం వ్యాను స్థలం దాటి రోడ్డు మీదికొచ్చి ఆగింది. చక్రాలున్న చోట రెండు గుంటలు మిగిలాయి. "కదిలింది! బండేనని ఒప్పుకుంటామన్నారు!" అని నేను గట్టిగా అరిచాను. అంత ఊపిరి నాకెక్కణ్ణించి వచ్చిందో ఆ సింహాద్రినాథుడికే తెలియాలి.

కార్యదర్శి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఒప్పుకున్నాం. బండే. కానీ బండి అయినప్పుడు పార్కు స్థలంలో నిలపడానికి లేదు. అందులో మనుషులు కాపురముండడానికీ లేదు. నియమాలు ఒప్పుకోవు కదమ్మా."

పైడమ్మత్త చెమట తుడుచుకుని ఆయన ముందుకొచ్చింది.

"నిన్న ఇల్లన్నారు, ఉండొద్దన్నారు. ఈయేళ బండన్నారు, ఉండొద్దంతన్నారు. రేపు నాను మనిసినంటాను బాబూ. అప్పుడేటంటారు?"

మా నాన్న వరండాలోనే నిలబడి ఉన్నారు. అత్త ఒక్కసారి అటు చూసి, "ఎల్లొత్తాం అన్నయ్యగారూ," అంది. చెప్పకుండా కదిలే అలవాటు ఆమెకు లేదు. బ్యాటరీ ఇచ్చిన ఆ లారీ డ్రైవరు డ్యూటీ దిగి వచ్చేదాకా రోడ్డు పక్కనే ఉండి, సాయంత్రం ఆయన బండి నడుపుతుంటే వాళ్ళు వెళ్ళిపోయారు.

సింహాచలం కొండ దిగువన ఒక జీడితోట రైతు చోటిచ్చాడని తెలిసి, కొన్ని నెలల తర్వాత అమ్మ నన్ను తీసుకువెళ్ళింది. స్వామి దర్శనం చేసుకుని అటే వెళ్ళాం. మావయ్యకు ఆపరేషన్ అయింది, మందమైన అద్దాల్లోంచి నన్ను చూసి, "ఇదేటి, ఇంత నల్లగున్నావు గుంటా!" అని పగలబడి నవ్వాడు. వ్యాను శుభ్రంగా, ఆముదం వాసనతో అలాగే ఉంది. లోపలికెళ్ళి పెడలు తొక్కితే నీళ్ళొచ్చాయి. కానీ బయటికొచ్చాక ఒకటి చూశాను. అత్త మళ్ళీ ఆనపపాదు పెట్టింది. ఈసారి నేలలో కాదు. వెనక బంపరుకు తీగతో కట్టిన పాత నూనె డబ్బాలో. తీగ పైకప్పుకి ఎక్కలేక, వేళ్ళు చాలక, ఆకులు పసుపుపచ్చగా వేలాడుతున్నాయి.

"ఇలాగైతే కాయదు కదత్తా," అన్నాను.

"కాయపోతే పోనీ. మళ్ళీ కొయ్యక్కర్నేదు," అంది.

మా కాలనీ పార్కు స్థలంలో పార్కు రాలేదు. ఆ రెండు చక్రాల గుంటలు పూడ్చి, కార్యదర్శి గారు తమ కొత్త కారుకి రేకుల షెడ్డు వేయించుకున్నారు. దాని మీద ఎవరూ సంతకాలు సేకరించలేదు. స్వామి నాకు ఏ లోటూ చేయలేదు, భర్తనిచ్చాడు, పిల్లలనిచ్చాడు, ఈ వయసులో ఊపిరి నిలబెట్టాడు. రోజూ చేతులెత్తి మొక్కుతాను. ఆ షెడ్డు గురించి మాత్రం ఆయన్ని ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఇంత పెద్ద ఫ్లాటులో ఇప్పటికీ కుర్చీలోంచి లేచే ముందు "లేస్తున్నాను" అంటాను. మనవలు నవ్వుతారు, తర్వాత వాళ్ళూ అంటారు. మా భవనం వెనక గోడవారన జానెడు మట్టి ఉంటే, నాలుగేళ్ళుగా అందులో ఆనపపాదు పెడుతున్నాను. కాయలు వాచ్‌మన్ కుటుంబానికీ, అడిగిన ప్రతి వాళ్ళకీ వెళతాయి. ఈ ఉదయం ఆముదం కాగుతుండగానే మా అపార్టుమెంటు సంఘం వాళ్ళు కబురు పంపారు. గోడ అందం చెడుతోందట. పాదు తీసేసి, కావాలంటే డబ్బాలో పెట్టుకోమన్నారు.

పెట్టనని చెప్పి పంపాను.